బూజు మెదడుకెక్కక ముందే మేలుకోవాలి

పరవాడ: ఊరగాయ జాడీలో, కుళ్లిన పండు మీద, గెత్తపు కుప్పలో కనిపించే బూజు మనిషి మెదడుకు కూడా పాకగలదంటే నమ్మడం కష్టమే. కాని 2021లో కరోనా రెండవ విడతలో రాష్ట్రంలోని అనేక కుటుంబాలు దీనిని కళ్లారా చూశాయి. బ్లాక్ ఫంగస్‌గా పేరుపడిన ఈ జబ్బుకు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో చికిత్స చేశారు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ పథకమే నేడు ఎన్టీఆర్ వైద్య సేవ.

ఈ బూజు రేణువులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయవు. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడినవారికి ప్రమాదం. ముక్కులో మొదలై, కంటి గూటి మీదుగా మెదడుకు పాకుతుంది. రక్తనాళాలలో చొరబడి నెత్తురు అందనీయదు. దానితో కండ చచ్చి నల్లబడుతుంది. ముఖం ఒకవైపు నొప్పి, వాపు, తిమ్మిరి, ముక్కు నుంచి నల్లగా కారడం, ఒకటి రెండుగా కనబడడం, పళ్లు కదలడం దీని గుర్తులు.

చికిత్సలో మూడు పనులు కలిసి సాగాలి. షుగరును అదుపులోకి తేవాలి. చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసివేయాలి. ఆంఫోటెరిసిన్-బి అనే మందును గ్లూకోజులో కలిపి నెమ్మదిగా నరానికి ఎక్కించాలి. ఇది మూత్రపిండాలను దెబ్బతీయగలదు గనుక తరచు రక్తపరీక్షలు చేస్తారు. లైపోసోమల్ రకం మూత్రపిండాలకు కొంత నయం. వారాల తరబడి ఇంజక్షన్లు, ఆ పైన మాత్రలు వాడవలసి ఉంటుంది.

మెదడు పొరలకు పట్టే బూజు మరొకటి ఉంది. పావురాల రెట్టలలో పెరిగే క్రిప్టోకాకస్ ముఖ్యంగా హెచ్.ఐ.వి. ఉన్నవారికి సోకుతుంది. వారాల తరబడి తగ్గని తలనొప్పి, జ్వరం, వాంతులు ఉంటే వెన్నునీరు తీసి పరీక్షించాలి. లైపోసోమల్ మందును ఒకే పెద్ద మోతాదుగా ఇచ్చి, రెండు వారాలు తోడుగా మాత్రలు వాడవచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

కరోనా వెనుకబడినా షుగరు జబ్బు మాత్రం పల్లెలను వదలలేదు. తలనొప్పికి కొట్టులో మాత్ర కొని రోజులు గడిపితే బూజు ముందుకు పాకుతుంది. విశాఖ వెళ్లివస్తే ఒక రోజు కూలి పోతుంది. ఆలస్యమైతే కన్నే పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. షుగరు ఉన్నవారి ముఖం ఒకవైపు వాచినా, చూపు తేడా చేసినా ఆ రోజే బయలుదేరడం మంచిది.