రాక్షసుడి బాట, రాతి కోట

ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున మట్టి నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. రాయి కూడా అలా నెర్రెలు విచ్చుతుందంటే నమ్ముతారా? నమ్మకపోతే ఐర్లండు ద్వీపపు ఉత్తర తీరానికి మాతో రండి.

ఉత్తర ఐర్లండులోని ఆంట్రిం ప్రాంతంలో, సముద్రపు ఒడ్డున సుమారు 40,000 రాతి స్తంభాలు ఒకదాన్నొకటి ఆనుకొని నిలిచి ఉన్నాయి. మెట్ల మీద నడిచినట్లు వాటి తలల మీద నడవవచ్చు. చాలావాటికి ఆరు ముఖాలు. అయిదు, ఏడు ముఖాలవీ ఉన్నాయి. బాగా ఎత్తయినవి 12 మీటర్లదాకా ఉంటాయి. ఈ చోటి పేరు జెయింట్స్ కాజ్‌వే, అంటే రాక్షసుడి బాట. ఫిన్ మెకూల్ అనే మహాకాయుడు స్కాట్లండులోని తన శత్రువుతో తలపడడానికి సముద్రం మీద ఈ బాట వేశాడట! స్కాట్లండుకు చెందిన స్టాఫా దీవిలోనూ ఇలాంటి స్తంభాలే ఉండడం వల్ల ఈ కథకు బలం చేకూరింది.

మరి శాస్త్రజ్ఞులేమంటారు? సుమారు 6 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ భూమి బీటల్లోంచి లావా పొంగి మడుగు కట్టింది. అది చల్లారి బసాల్టు శిలగా మారింది. చల్లారే వస్తువు కుంచించుకుపోతుంది కదా! అయితే ఒకచోటి రాయి కుంచించుకుపోబోతే చుట్టూ ఉన్న రాయి దాన్ని పట్టి లాగుతుంది. ఆ లాగుడుకు పగుళ్లు పడి, చల్లదనంతోపాటు లోపలికి దిగాయి. మూడు పగుళ్లు సమాన కోణాలతో ఒకచోట కలిస్తే ఒక్కొక్క కోణం ఎంత? 120 డిగ్రీలు. క్రమ షడ్భుజి కోణమూ అంతే! ఇలాంటి పగుళ్లు 840 నుంచి 890 డిగ్రీల సెల్సియస్ మధ్య పడతాయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి తెలిపారు.

ఇక్కడినుంచి పడమరగా కొద్ది కిలోమీటర్లు వెళితే డన్‌లూస్ కోట శిథిలాలు కనిపిస్తాయి. 1500 ప్రాంతంలో మెక్‌క్విలన్ వంశీయులు దీన్ని బసాల్టు కొండకొమ్ము మీదే కట్టారు. తరువాత ఇది మెక్‌డానెల్ వంశీయుల చేతికి వచ్చింది. నిట్టనిలువు కొండ శత్రువును అడ్డుకుంది. అలలను మాత్రం అడ్డుకోలేకపోయింది. కొండ అడుగున సముద్రం గుహ తొలిచింది. 1639లో ఒక తుఫాను రాత్రి వంటశాల సముద్రంలో కూలిపోయిందని చెబుతారు. కాని 1700ల తరువాత గీసిన చిత్రాల్లో కూడా ఆ వైపు గోడ నిలిచే కనిపిస్తుంది! చూశారా, కథ ఎంత పాతదైనా పరీక్షించి చూడాలి.

ఆ బాటకు ఇప్పుడు కొత్త ముప్పు వచ్చింది. యాత్రికులు అదృష్టం కోసం రాతి పగుళ్లలో నాణేలు దూర్చుతున్నారు. అవి తుప్పుపట్టి ఉబ్బి, రాతి అంచులను పెచ్చులుగా ఊడగొడుతున్నాయి. ఈ పని మానమని, బాటను సంరక్షించే నేషనల్ ట్రస్ట్ 2025లో విజ్ఞప్తి చేసింది. కోట్ల ఏళ్ల నాటి రాయికి ఒక చిన్న నాణెం చేటు తెస్తోంది!

మన ఆదిలాబాదు ప్రాంతపు నల్లరాయి కూడా ఒకనాటి లావానే. ఈసారి దాన్ని చూసినప్పుడు ఐర్లండును తలచుకోండి. చెరువు ఎండినప్పుడు కోణమానిని తీసుకెళ్లి నెర్రెల మధ్య కోణాలు కొలవండి. ఎన్ని 120కి దగ్గరగా ఉన్నాయి? ఎన్ని 90కి దగ్గరగా ఉన్నాయి?