రానని ఒక్క ముక్క రాస్తే మరొకరికి సీటు

ఈనిన గేదెకు మాయ పడకపోతే రైతు పరుగెత్తేది పశువుల డాక్టరు దగ్గరకే. ఆ డాక్టరు చదువు అయిదున్నరేళ్ళు. 1955లో మొదలైన తిరుపతి కళాశాలలోనూ, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలోనూ సీట్లు పరిమితమే.

మనుషుల డాక్టరు చదువుకూ, పశువుల డాక్టరు చదువుకూ ఇప్పుడు నీట్ ర్యాంకే ఆధారం. అందుచేత ఒకే విద్యార్థికి రెండుచోట్లా పిలుపు వస్తున్నది. పశువైద్యంలో సీటు తీసుకున్నవారు తరువాతి విడతలో ఎం.బి.బి.ఎస్. రాగానే అటు వెళ్తున్నారు. వెళ్ళడం తప్పు కాదు, చెప్పకుండా వెళ్ళడమే తప్పు. కౌన్సెలింగు ముగిశాక బయటపడిన ఖాళీ అలాగే మిగిలిపోవచ్చు. జాబితాలో తరువాతి పేరుగల రైతుబిడ్డ అప్పటికే ఏ డిగ్రీలోనో చేరిపోయి వుంటాడు.

రాయవలసినది మూడు వాక్యాలే. "అయ్యా, సీటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మరొకచోట చేరుతున్నందున దీనిని వదులుకుంటున్నాను. దయచేసి తరువాతి వారికి ఇవ్వగలరు." కింద ర్యాంకు, దరఖాస్తు నెంబరు, సంతకం చాలు. సంజాయిషీలు అక్కరలేదు.

అయితే అక్కడి సీటు కాగితం చేతికి అందేదాకా ఇక్కడిది వదలరాదు. గడువు, ఫీజు వాపసు షరతులు ప్రకటనలో ముందే చూసుకోవాలి.

ఆ తరువాతి పేరువాడే రేపు మన ఊరి పశువుల డాక్టరు కావచ్చును.