వినోదవనానికి వచ్చే జనం

తిరునాళ్ళకు ఈ ఏడు ఎంతమంది వస్తారో ముందుగా చెప్పటం ఎవరి తరం? రంగులరాట్నం వాడు తన కొయ్యగుర్రాలకు కొత్త రంగు వేయించవచ్చు. మిఠాయి కొట్టువాడు రెండు బస్తాల పంచదార అదనంగా తెప్పించవచ్చు. కాని ఆ ఏడు వానలు లేక పంట పోయిందంటే పొరుగూళ్ళ బళ్ళు రావు. వాగు పొంగినా రావు. అదే రోజున మరో ఊళ్ళో ఇంకా పెద్ద తిరునాళ్ళు మొదలుపెడితే బళ్ళన్నీ అటే మళ్ళుతాయి. ఇందులో రాట్నం వాడి తప్పేమీ లేదు. అయినా వాడింట్లో పిల్లల భోజనం ఆ బళ్ళ మీదనే ఆధారపడి ఉంటుంది.

కోట్లకొద్దీ డబ్బు పోసి కట్టిన పెద్ద పెద్ద వినోదవనాల సంగతి కూడా అచ్చంగా ఇంతే. వీటిని థీమ్ పార్కులంటారు. ఒక కథనో, ఒక వింతలోకాన్నో తీసుకుని, అందులోని కోటలనూ, వీధులనూ, అడవులనూ నిజంగా కట్టేసి, వాటి మధ్య తిరిగే బళ్ళూ, పడవలూ ఏర్పాటు చేస్తారు. లోపలికి వెళ్ళినవాళ్ళకు తాము ఆ కథలోనే ఉన్నట్టుంటుంది. సినిమా బొమ్మలకు పేరు పొందిన వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇటువంటి వనం తెరిచాడు. అదే డిస్నీలాండు. ఆ తరువాత ఇలాంటివి ఎన్నో దేశాల్లో వెలిశాయి.

వీటిలో హాంకాంగులో ఉన్న వనం కథ తెలుసుకోదగినది.

హాంకాంగు చైనాకు దక్షిణపు అంచున, సముద్రం ఒడ్డున ఉన్నది. ఒకప్పుడు బ్రిటిషువారి ఏలుబడిలో ఉండేది. 1997 జూలై 1న తిరిగి చైనాలో కలిసింది. కలిసినా, దాని డబ్బు వేరు, దాని సరిహద్దు వేరు. చైనాలో మిగిలిన ఊళ్ళవాళ్ళు హాంకాంగు రావాలంటే అనుమతి చీటీ పుచ్చుకుని, పరాయిదేశంలో అడుగు పెట్టినట్టే సరిహద్దు దగ్గర చూపించాలి. అందుచేత హాంకాంగువాళ్ళ లెక్కలో వాళ్ళు కూడా బయటి యాత్రికులే.

ఆ ఊళ్ళో సుమారు 75 లక్షలమంది ఉంటారు. అంత పెద్ద వనం నడవాలంటే ఏటా దాదాపు అంతమందీ టిక్కెట్టు కొనాలి. ఊళ్ళో పుట్టిన పసిపాప మొదలు పండు ముసలి దాకా అందరూ ఏటేటా రారు గదా! అంటే బయటినుంచి జనం రానిదే లాభం లేదన్నమాట.

2003 దాకా చైనావాళ్ళలో విహారానికి బయలుదేరేవాళ్ళు గుంపుగానే హాంకాంగు రావలసి ఉండేది. ఒక గైడు చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు నడిచేవాడు. నలభైమందీ అతని వెనకనే నడిచి, అతను చూపినవి చూసి, అతను ఆపిన చోట తిని, మళ్ళీ అదే బస్సు ఎక్కేవాళ్ళు. 2003లో సార్స్ అనే జబ్బు వ్యాపించి హాంకాంగుకు యాత్రికులు రావటం ఒక్కసారిగా పడిపోయింది. హోటళ్ళు ఖాళీ అయినాయి. అప్పుడు జూలై 28న చైనా ప్రభుత్వం ఒక కొత్త ఏర్పాటు చేసింది. కొన్ని పట్టణాలవాళ్ళు గుంపు లేకుండా ఎవరికి వారే చీటీ తీసుకుని హాంకాంగు వెళ్ళవచ్చు. మొదట నాలుగు పట్టణాలకు ఇచ్చిన ఈ సౌకర్యాన్ని 2007 నాటికి 49 పట్టణాలకు పెంచారు. దానితో అలవాటే మారిపోయింది. అమ్మా, నాన్నా, పిల్లా కలిసి తమకు తోచిన రోజున, తోచిన చోటికి రాసాగారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లాంటావ్ అనే దీవి పక్కన సముద్రాన్ని పూడ్చి, అక్కడ కొత్త డిస్నీలాండు కడుతున్నారు. అందులో సగానికి పైగా వాటా హాంకాంగు ప్రభుత్వానిదే, అంటే ప్రజల సొమ్మే. వచ్చేవాళ్ళ నమ్మకాలకు భంగం రాకూడదని కట్టేవాళ్ళు ఎంతో శ్రద్ధ తీసుకున్నారు. మనకు వాస్తు ఉన్నట్టే చైనావాళ్ళకూ ఒక వాస్తు ఉన్నది. దాని ప్రకారం ముఖద్వారాన్ని 12 డిగ్రీలు పక్కకు తిప్పారు. చైనా భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలాగా వినిపిస్తుంది. అందుకని హోటళ్ళలో నాలుగో అంతస్తు అనే పేరే లేకుండా చేశారు. మంచి రోజు చూసి 2005 సెప్టెంబరు 12న తలుపులు తెరిచారు.

ఇంత చేసినవాళ్ళు ఒక చిన్న సంగతి సరిగా చూసుకోలేదు. అది కాలెండరు.

చైనావాళ్ళ సంవత్సరాది కూడా మన ఉగాదిలాగే చంద్రుణ్ణి బట్టి వస్తుంది. 2006లో అది జనవరి 29న వచ్చింది. హాంకాంగులో ఆ పండగ సెలవులు జనవరి 31తో అయిపోయినాయి. కాని చైనాలో మిగిలిన ప్రాంతాల్లో వారం రోజులు సెలవు. వనంవాళ్ళు అమ్మిన టిక్కెట్లలో ఎక్కువభాగం ఫలానా తేదీ అని లేకుండా, ఆరు నెలల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చునని ఇచ్చినవి. రద్దీ రోజుల్లో వాటిని చెల్లనివ్వకుండా ఏర్పాటు ఉన్నది గాని, ఆ రోజులు హాంకాంగు సెలవులను బట్టి నిర్ణయించారు. ఫిబ్రవరి మొదటి రోజుల్లో చైనానుంచి కుటుంబాలు తండోపతండాలుగా వచ్చిపడినాయి. లోపల చోటు నిండిపోయింది. గేట్లు మూసేశారు. టిక్కెట్టు చేతిలో పట్టుకుని, రైళ్ళలో ఎంతో దూరంనుంచి వచ్చిన పిల్లలు బయట నిలబడిపోయినారు. కొందరు గేట్లు ఎక్కారు. కొందరు పిల్లలను ఎత్తి లోపలికి అందించారు. వనంవాళ్ళు తరువాత క్షమాపణ చెప్పుకుని, టిక్కెట్ల పద్ధతి మార్చుకున్నారు.

పండగనాళ్ళలో గేట్లు పట్టనంత జనం వచ్చినా, మొత్తం మీద మొదటి ఏడు వస్తారనుకున్న 56 లక్షలమంది రానేలేదు. రెండో ఏడు ఇంకా తగ్గారు. వనంలో చూడదగినవి తక్కువ అనే మాట వ్యాపించింది. ఆ లోపం తీర్చటానికి 2011 నుంచి 2013 దాకా మూడు కొత్త భాగాలు కట్టారు. జనం పెరుగుతూ వచ్చారు. 2012లో వనానికి మొట్టమొదటిసారి లాభం కనిపించింది. వనంవాళ్ళ లెక్కల సంవత్సరం సెప్టెంబరుతో ముగుస్తుంది. అలా ముగిసిన 2014వ సంవత్సరంలో 75 లక్షలమంది వచ్చారు. అంతకు ముందెప్పుడూ అంతమంది రాలేదు.

ఇక ఇక్కడ కొంచెం లెక్క చేసి చూద్దాం. ఈ లెక్కలో ఒక చిత్రం ఉన్నది.

2014లో వచ్చిన ప్రతి నూరుమందిలో 48 మంది చైనాలో మిగిలిన ప్రాంతాలవాళ్ళు. 75 లక్షల్లో నూటికి 48 అంటే 36 లక్షలు. 2015లో మొత్తం 68 లక్షలమంది వచ్చారు. 2016లో 61 లక్షలమందే వచ్చారు. ఆ ఏడు చైనావాళ్ళు నూటికి 36 మంది. అంటే సుమారు 22 లక్షలు. 36 నుంచి 22 తీసేస్తే 14. మరి 75 నుంచి 61 తీసేస్తే? అదీ 14 లక్షలే! వనం పోగొట్టుకున్న జనమంతా ఒక్క దిక్కునుంచి రావలసినవాళ్ళే. మిగిలినవాళ్ళు, అంటే ఊరివాళ్ళూ, ఇతర దేశాలవాళ్ళూ కలిసి, ఇంచుమించు ఎప్పటిలాగానే వచ్చారు.

వనం పాడుపడలేదు. బొమ్మలు పాతబడలేదు. అయినా 2015లో 14 కోట్ల 80 లక్షల హాంకాంగు డాలర్లు నష్టం వచ్చింది. 2016లో 17 కోట్ల 10 లక్షల నష్టం. మరి ఆ 14 లక్షలమందీ ఏమైనారు?

మొదటి కారణం డబ్బు మారకం. 1983 నుంచీ హాంకాంగు డాలరును అమెరికా డాలరుకు కట్టివేశారు. ఒక అమెరికా డాలరుకు సుమారు 7 డాలర్ల 80 సెంట్లు. అమెరికా డాలరు విలువ పెరిగితే హాంకాంగులో భోజనం, బస, టిక్కెట్టు అన్నీ బయటివాళ్ళకు ప్రియమవుతాయి. అదే రోజుల్లో జపాను డబ్బు చవక అయింది. 2012లో ఒక అమెరికా డాలరుకు సుమారు 80 యెన్‌లు వచ్చేవి. 2015లో 120 వచ్చాయి. జపానులో 2,400 యెన్‌ల బొమ్మ ఒకటి ఉన్నదనుకోండి. 2012లో దానికి 30 డాలర్లు పెట్టాలి. 2015లో 20 డాలర్లు చాలు. బొమ్మ అదే, కొట్టు అదే, దానిమీద వేసిన ధరా అదే!

రెండో కారణం చీటీలు. జపాను ప్రభుత్వం 2015 జనవరిలో చైనావాళ్ళకు ప్రవేశపు నిబంధనలు సడలించింది. 2014లో జపాను వెళ్ళిన చైనావాళ్ళు సుమారు 24 లక్షలు. 2015లో సుమారు 50 లక్షలు. ఒక్క ఏడాదిలో రెట్టింపు! జపానులోని ఒసాకాలో 2014 జూలైలో హ్యారీ పాటర్ కథ ఆధారంగా ఒక వినోదవనంలో కొత్త భాగం తెరిచారు. ఆ వనం 2015లో 139 లక్షలమందిని చూసింది.

మూడోది ఇంటి దగ్గరి తిరునాళ్ళు. 2016 జూన్ 16న చైనాలోనే షాంఘై నగరంలో మరో డిస్నీలాండు తెరిచారు. దానికి పోవటానికి సరిహద్దు లేదు, చీటీ లేదు, డబ్బు మార్చుకునే పని లేదు. మొదటి ఏడాదిలోనే కోటీ పది లక్షలమందికి పైగా వెళ్ళారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యాత్రికులు వస్తే చాలు, అందరూ వినోదవనానికే పోతారనుకోరాదు. 2014లో చైనానుంచి హాంకాంగుకు నాలుగు కోట్ల 70 లక్షల రాకలు జరిగాయి. వాటిలో సగానికి పైగా ఉదయం వచ్చి సాయంత్రం పోయేవే. వచ్చినవాళ్ళలో చాలామంది పాలపొడి డబ్బాలూ, మందులూ, సబ్బులూ కొనుక్కుపోయేవాళ్ళు. పాలపొడి ఊళ్ళో పిల్లలకు కరువవుతున్నదని 2013 మార్చిలో హాంకాంగు ప్రభుత్వం మనిషికి రెండు డబ్బాలకు మించి పట్టుకుపోరాదని కట్టడి చేయవలసి వచ్చింది. ఇలాంటివాళ్ళ వల్ల రైళ్ళు కిటకిటలాడుతాయి గాని, వినోదవనం గేటు తిరగదు.

జనం తగ్గితే నష్టపోయేది యజమానులు మాత్రమే కాదు. టిక్కెట్లు చింపేవాళ్ళూ, వంటవాళ్ళూ, యంత్రాలకు చమురు వేసేవాళ్ళూ, బొమ్మవేషాలు కట్టేవాళ్ళూ వేలమంది ఇలాంటి వనాలను నమ్ముకుని ఉన్నారు. హాంకాంగులోనే ఓషన్ పార్కు అనే మరో వనం ఉన్నది. 1977 జనవరిలో తెరిచారు. కొండమీదికి తీగలమీద నడిచే పెట్టెల్లో పోవటం, చేపలనూ జంతువులనూ చూడటం అక్కడి ముచ్చట. దానికీ బయటి జనం తగ్గారు. 2020లో కరోనా జబ్బు మూలంగా సరిహద్దులు మూసేసరికి అది మూతపడే స్థితికి వచ్చింది. ఆ ఏడు ప్రభుత్వం 540 కోట్ల హాంకాంగు డాలర్లిచ్చి నిలబెట్టింది.

డిస్నీలాండు కూడా 2020 జనవరి 26న మూతపడింది. ఆ తరువాత కొన్నాళ్ళు తెరిచి, కొన్నాళ్ళు మూసి, ఎలాగో నెట్టుకొచ్చారు. 2020లో 17 లక్షలు, 2021లో 28 లక్షలు, 2022లో 34 లక్షలు వచ్చారు. 2021లో వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఊరివాళ్ళే. బయటివాళ్ళు ఒక్కరూ రాని కాలంలో వనాన్ని కాపాడింది వాళ్ళే. చుట్టాలొచ్చేదాకా ఇంటి దీపం ఆరకుండా చూసినట్టయింది.

2023 మొదట్లో సరిహద్దు మళ్ళీ తెరిచారు. కాని ఈసారి వచ్చిన యాత్రికులు పాతవాళ్ళలా లేరు. పెట్టెలనిండా సరుకులు కొనుక్కుపోయే అలవాటు తగ్గింది. సరుకులు వాళ్ళ ఊళ్ళోనే, టెలిఫోనుమీద అడిగితే ఇంటికి వస్తున్నాయి. కొత్తగా వచ్చేవాళ్ళు చూడటానికీ, తినటానికీ, ఫోటోలు తీసుకోవటానికీ వస్తున్నారు. కొట్లవాళ్ళకు ఇది కష్టకాలమే గాని, వింతలు చూపేవాళ్ళకు కలిసివచ్చింది. 2023 నవంబరు 20న డిస్నీలాండులో ‘ఫ్రోజెన్’ అనే సినిమా కథలోని మంచురాజ్యాన్ని కట్టి తెరిచారు. అలాంటిది ప్రపంచంలో అదే మొదటిది. షాంఘైలో ఉన్న వనంలో అప్పటికి అది లేదు. 2024లో 77 లక్షలమంది వచ్చారు. పదేళ్ళ కిందటి 75 లక్షల లెక్క దాటిపోయింది. లాభం 83 కోట్ల 80 లక్షల డాలర్లు.

ఓషన్ పార్కుకు కూడా ఒక అదృష్టం పట్టింది. అక్కడ ఉన్న ఇంగ్ ఇంగ్ అనే పాండా, 19 ఏళ్ళు నిండటానికి ఒక్క రోజు ముందు, 2024 ఆగస్టు 15న కవలలను కన్నది. ఒకటి ఆడది, ఒకటి మగది. అంత వయసులో మొదటిసారి తల్లి అయిన పాండా మరొకటి లేదు. హాంకాంగులో పాండా పిల్లలు పుట్టటం కూడా అదే మొదలు.

ఈసారి మీ ఊరి తిరునాళ్ళకు పోయినప్పుడు రాట్నం ఎక్కి దిగిన తరువాత ఒక పని చెయ్యండి. వచ్చినవాళ్ళు ఏ ఏ ఊళ్ళవాళ్ళో, ఎందులో ఎక్కి వచ్చారో, నిరుటికంటే ఎక్కువమందో తక్కువమందో గమనించండి. తగ్గితే ఎందుకు తగ్గారో రాట్నం వాణ్ణి అడగండి. అతనికి ఆ లెక్క బాగా తెలిసే ఉంటుంది.