మీకు తెలుసా? మందు లేనివారికే కండ ఎక్కువ పెరిగింది!

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ వృద్ధాప్యాన్ని కూడా నెమ్మదింపజేస్తుందేమోనని శాస్త్రవేత్తలకు చాలాకాలంగా ఆశ. మరి దానికి వ్యాయామం తోడైతే పెద్దవాళ్ల కండరాలు ఇంకా బాగా పెరుగుతాయా? అమెరికాలో కెంటకీ, అలబామా పరిశోధకులు ‘మాస్టర్స్’ పేరుతో ఈ సంగతే పరీక్షించారు.

• షుగర్ లేని, 65 ఏళ్లు దాటినవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 1,700 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు.

• రెండు జట్లచేతా 14 వారాలు బరువులు ఎత్తించారు. 94 మంది చివరిదాకా నిలిచారు.

• 2019లో ఫలితాలు వెలువడ్డాయి. తొడ కండరాలు ఎక్కువగా పెరిగింది ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారికే! బలం మాత్రం రెండు జట్లకూ పెరిగింది.

• కారణం? కణాల్లో శక్తిని పొదుపు చేయించే ‘ఏఎంపీకే’ అనే ఎంజైమును మెట్‌ఫార్మిన్ ప్రేరేపిస్తుంది. కొత్త కండ కట్టే పనికి అదే అడ్డుపడి ఉండవచ్చని పరిశోధకుల అంచనా.

ఇది చదివి షుగర్ బిళ్ల మానేయకండి. ఏ మార్పు కావాలన్నా ముందు డాక్టరును అడగండి. వ్యాయామం మాత్రం ఏ వయసులోనైనా మొదలుపెట్టవచ్చు.