సింగిల్ బెవెల్ బ్రాడ్‌హెడ్: విల్లుతో వేటాడేవారు ఈ ములికినే ఎందుకు కోరుకుంటున్నారు, కొనేముందు ఏం చూడాలి?

వడ్రంగి పనిముట్లలో గొడ్డలి, బాడిస రెండూ ఉంటాయి. గొడ్డలి అంచుకు రెండు వైపులా వాలు ఉంటుంది. బాడిసకు, ఉలికి ఒక వైపే వాలు, రెండో వైపు చదును. గొడ్డలి కర్రలోకి నేరుగా దిగి చీలుస్తుంది. ఉలిని కొడితే అది చదునుగా ఉన్న వైపుకు జరుగుతుంది.

బాణం ములికిలోనూ ఇదే తేడా ఉంది. వేటకు వాడే వెడల్పాటి, పదునైన ములికిని బ్రాడ్‌హెడ్ అంటారు. దాని అంచులను ఒక వైపు మాత్రమే సానపెడితే అది సింగిల్ బెవెల్. అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో లాంగ్‌బో, రికర్వ్ వంటి సంప్రదాయ విల్లులతో వేటాడేవారిలో దీనికి గిరాకీ ఉంది. అయితే ఈ ములికి కొన్నంత మాత్రాన సరిపోతుందా?

ముందుగా ఒక మాట. భారత్‌లో ఈ ప్రశ్నే రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేటను నిషేధించింది. అందులో ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో విల్లు, బాణం కూడా ఉన్నాయి. వేటాడే ప్రయత్నం కూడా నేరమే. షెడ్యూల్ 1లోని జంతువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకున్న వేట హక్కుల జోలికి పోబోమని ఈ చట్టంలోని 65వ సెక్షన్ చెబుతోంది. విశాఖ మన్యంలో ఇటుకల పండగ నాటి వేట వంటి ఆచారాలకు అలాంటి మినహాయింపు లేదు. కాబట్టి ఈ వివరాలు వేట చట్టబద్ధమైన దేశాల్లో ఉంటూ, అక్కడి లైసెన్సుతో విల్లు పట్టాలనుకునే వారికి.

బాణం ఎలా చంపుతుంది?

తుపాకీ గుండు వేగంతో కండను, ఎముకను ఛిద్రం చేస్తుంది. బాణానికి అంత శక్తి లేదు. సంప్రదాయ విల్లు నుంచి వెళ్లే బాణం వేగం సెకనుకు సుమారు 50 మీటర్లు. అది రక్తనాళాలను, ఊపిరితిత్తులను కోసి, రక్తస్రావంతో చంపుతుంది. రెండు ఊపిరితిత్తుల గుండా దూసుకుపోతే జంతువు కొద్ది క్షణాల్లోనే కూలుతుంది. ఎముక దగ్గర ఆగిపోతే గాయంతోనే పారిపోతుంది. ఆ తర్వాత గంటలో పోవచ్చు, గాయం కుళ్లి రోజుల తరబడి నరకం అనుభవించి పోవచ్చు. బ్రిటన్‌లో జింకలపై బాణాల వాడకాన్ని 1963లోనే చట్టం చేసి ఆపేశారు. ములికి ఎంపిక ఇష్టాయిష్టాల వ్యవహారం కాకపోవడానికి కారణం ఇదే.

ఒక వైపు వాలుతో లాభమేమిటి?

బాణానికి ఈకలను కాస్త మెలితిప్పి అతికిస్తారు. అందువల్ల అది గాలిలో తిరుగుతూ వెళుతుంది. శరీరంలోకి దిగగానే ఆ భ్రమణం తగ్గిపోతుంది. రెండు వైపులా వాలున్న ములికి మీద రెండు పక్కల ఒత్తిడీ సమానం కాబట్టి అది నేరుగా పోతుంది. సింగిల్ బెవెల్‌లో రెండు రెక్కలకూ వాలు ఎదురెదురు ముఖాల మీద ఉంటుంది. ఒక రెక్కను ఒత్తిడి ఇటు నెడితే రెండో రెక్కను అటు నెడుతుంది. ఫలితంగా ములికి మరలా తిరుగుతూ ముందుకు పోతుంది. ఎముక తగిలినప్పుడు గుచ్చుకుని ఇరుక్కుపోకుండా, మెలితిప్పి దాన్ని చీల్చే అవకాశం పెరుగుతుంది.

పదును కోణమూ ముఖ్యమే. ఒక వైపే 25 డిగ్రీల వాలు ఉంటే అంచు మొత్తం కోణం 25 డిగ్రీలే. రెండు వైపులా 20 చొప్పున ఉంటే అది 40 డిగ్రీలు అవుతుంది. కోణం తగ్గేకొద్దీ కోత తేలిక. కాకపోతే అంచు పలచబడుతుంది కాబట్టి ఉక్కు నాసిరకమైతే వంగుతుంది, లేదా పెచ్చులూడుతుంది.

ఈ వాదన ఎక్కడిది?

దీనికి ఎక్కువ ప్రచారం తెచ్చింది అమెరికాకు చెందిన డాక్టర్ ఎడ్ ఆష్బీ. 1980లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతంలో, తర్వాత ఆస్ట్రేలియాలో ఆయన వందలాది బాణాలను పరీక్షించారు. ఆస్ట్రేలియాలో ఆయన ఎంచుకున్నది అడవి గేదెలను. ఇవి 19వ శతాబ్దంలో ఆసియా నుంచి అక్కడికి చేరి, అడవి పట్టిన గేదెల సంతతి. వాటి పక్కటెముకలు దట్టంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. బాణానికి అంతకన్నా కఠిన పరీక్ష తక్కువే.

బాణం లోతుగా దిగడానికి తోడ్పడే 12 అంశాలను ఆయన ప్రాధాన్యక్రమంలో పేర్చారు. మొదటిది బాణం, ములికి విరగకుండా వంగకుండా ఉండటం. రెండోది బాణం వంకర పోకుండా ఎగరడం. మూడోది బరువు ముందువైపు ఉండటం. నాలుగోది ములికి పొడవు, వెడల్పుల నిష్పత్తి. అంచు వాలు ఎటువంటిదన్నది ఆ జాబితాలో పదోది.

కొనుగోలుదారులు మర్చిపోయేది ఇదే. సింగిల్ బెవెల్‌ను అందరికన్నా గట్టిగా సమర్థించిన పరిశోధకుడే దాన్ని పదో స్థానంలో పెట్టారు. పై తొమ్మిదీ సరిగా లేకుండా ఇదొక్కటి కొంటే ఖర్చే మిగులుతుంది.

ఎంచుకునేటప్పుడు ఏ వరుసలో చూడాలి?

గట్టిదనం: ఉక్కు కాఠిన్యాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. 52 నుంచి 58 మధ్య ఉన్నవి వేటకు నప్పుతాయి. మరీ మెత్తనైతే మొన ముడుచుకుంటుంది, మరీ గట్టిదైతే పుటుక్కున విరుగుతుంది. మొన సూదిలా కాకుండా ఉలి మూతిలా ఉంటే ఎముక తగిలినా తట్టుకుంటుంది. కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది, నూనె రాసి ఉంచాలి.

ఎగిరే తీరు: ములికి బిగించాక బాణాన్ని మొన మీద నిలిపి బొంగరంలా తిప్పి చూడాలి. ఊగితే తిన్నగా బిగియలేదని అర్థం. ములికి బరువు పెరిగితే, వదిలిన క్షణంలో బాణపు కాడ మరింతగా వంగుతుంది. అందుకే కొత్త బరువుకు తగిన గట్టి కాడను ఎంచుకుని, ఈకలు లేని బాణంతో వేసి సరిచూసుకోవాలి.

ముందు బరువు: 30 అంగుళాల బాణం వెనుక చివర నుంచి 21వ అంగుళం దగ్గర సమతూకంలో నిలిస్తే, అది నడిమధ్యకన్నా 6 అంగుళాలు ముందుకు ఉన్నట్టు. అంటే 20 శాతం. 19 శాతం దాటితే లోతుగా దిగడంలో తేడా కనిపిస్తుందని ఆష్బీ అంటారు. బరువైన ఎముకలున్న జంతువులకు బాణం మొత్తం బరువు కనీసం 650 గ్రెయిన్లు, అంటే సుమారు 42 గ్రాములు ఉండాలన్నది ఆయన లెక్క.

ఆకారం: ఒక అంగుళం వెడల్పుకు మూడు అంగుళాల పొడవు పాత వేటగాళ్లు మెచ్చిన కొలత. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కనీస వెడల్పు 7/8 అంగుళం ఉండాలంటాయి. కొనేముందు స్థానిక నిబంధనలు చూసుకోవాలి.

ఎడమా, కుడా: సింగిల్ బెవెల్ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టర్కీ కోడి కుడి రెక్క ఈకలు కట్టిన బాణం ఒక వైపు తిరుగుతుంది, ఎడమ రెక్క ఈకలదైతే రెండో వైపు. కుడి ఈకలకు కుడి వాలు ములికి, ఎడమ ఈకలకు ఎడమ వాలు ములికి ఉండాలి. కలగలిపితే లోపలికి దిగిన బాణం ఒక దిశలో తిరగడం ఆపి రెండో దిశకు మళ్లాలి. ఉన్న కొద్ది శక్తి అక్కడే పోతుంది.

పదును: పెట్టెలోంచి తీసిన ములికి పదునుగా ఉందని నమ్మకూడదు. వాలు వైపు మాత్రమే ఆకురాయితో, తర్వాత సానరాయితో రుద్దాలి. చదును వైపుకు సన్నని రేకులాంటి లోహం లేస్తుంది. ఆ వైపును రాయి మీద పూర్తిగా పరిచి ఒకటి రెండు సార్లు తేలిగ్గా లాగి దాన్ని తీసేయాలి. చివరగా తోలుపట్టీ మీద లాగాలి. చేతి మీది వెంట్రుకలు తెగితే సిద్ధమైనట్టే. ఉలిని సానపెట్టడం వచ్చినవారికి ఇది కొత్త విద్య కాదు.

అందరూ ఒప్పుకుంటారా?

లేదు. జింక పక్కటెముకలు పలచనివి. రెండు వైపులా వాలున్న పాత ములికి కూడా పదునుగా ఉంటే వాటిని దాటుకుపోతుంది. పైగా రెండు రెక్కల సన్నని ములికి చేసే కోత ఇరుకు. మూడు రెక్కల వెడల్పాటి ములికి ఎక్కువ రక్తాన్ని కారుస్తుంది కాబట్టి జాడ పట్టడం తేలిక అన్నది దాన్ని వాడేవారి మాట. ఒక వైపు లోతు, మరో వైపు వెడల్పు. తక్కువ బలమున్న విల్లుకు, అడవిపంది భుజం వంటి గట్టి ఎముకలకు లోతే ముఖ్యం. అక్కడ సింగిల్ బెవెల్ ఉపయోగం నిజమైనది.

ఏ ములికీ గురి తప్పిన బాణాన్ని సరిచేయదు. సంప్రదాయ విల్లుతో చాలామంది 20 గజాలు, అంటే 18 మీటర్లు దాటి బాణం వేయరు. అంత దగ్గరలో ప్రతిసారీ అరచేతంత చోట తగిలించలేనివారు ములికి మార్చడం కన్నా ముందు సాధన పెంచుకోవాలి. అప్పటిదాకా జంతువు మీద బాణం ఎక్కుపెట్టకపోవడమే దానికి వారు చేసే న్యాయం.