రాతి ధూళి రోగము – నష్టపరిహారము

తాండూరు నాపరాయి ఎన్నో ఇండ్ల నేలలకు శోభ గూర్చుచున్నది. కాని దానిని కోసి మెరుగుపెట్టు కూలీలకు ఆ ధూళి చేటు తెచ్చును. అది సున్నపురాయియే యైనను అందు సిలికా కూడ కలదు. సన్నని సిలికా ధూళిని ఏండ్ల తరబడి పీల్చినచో సిలికోసిస్ అను ఊపిరితిత్తుల రోగము కలుగును. దగ్గు, ఆయాసము చూచి దీనిని క్షయ యని పొరబడుట కలదు. దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు.

సిలికోసిస్ చట్టమున వృత్తిరోగముగా పేర్కొనబడినది. 1923 నాటి నష్టపరిహార చట్టము స్థానమున, 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. నిర్ణీత కాలము పనిచేసి రోగగ్రస్తుడైన కార్మికునకు యజమాని పరిహార మీయవలెను. ఇ.ఎస్.ఐ. బీమా గలవారికి ఆ సంస్థయే ఇచ్చును. రోగమువలన ఎడతెగక పని మానిన మొదటి దినమే ప్రమాద దినముగా ఎంచబడును. అది మొదలు రెండేండ్లలోగా అధికారికి అర్జీ చేరవలెను.

చాలమంది కూలీలకు హాజరు చీటీ యైనను ఉండదు. ఆధారము లేనిదే అర్జీ నిలుచుట కష్టము. కావున దోమ మొదలగు గ్రామముల పంచాయతీ సభ్యులు, రాతిపనికి పోవువారు ఏ గనిలో, ఎన్నేండ్లు పనిచేసిరో తోటివారి సాక్ష్యముతో వ్రాయించి యుంచవలెను. కూలి చీటీలు, ఎక్స్‌రే పటములు భద్రపరచుకొనుమని చెప్పవలెను. క్షయ మందులతో కుదుటపడని కూలీ, తాను చేసిన పని యేదో వైద్యునకు తెలుపునట్లు చూడవలెను. నీరు పోయుచు రాయి కోసినచో ధూళి అణగును. ముఖమునకు గుడ్డ కట్టుకొనుట చాలదు.

ఆలస్యమైన కొలది సాక్షులు చెదరుదురు, గడువు దాటును. నష్టపోవునది కూలీ కుటుంబమే.