ఊచబియ్యానికి ఆ తీపి ఎక్కడిది?

చలికాలంలో తపతీ తీరాన ఉన్న సూరత్ నగరంలో పోంక్ అనే పచ్చని గింజలు అమ్ముతారు. అవి కాల్చి రాల్చిన లేత జొన్నలు. మరమగ్గాల పనికి అక్కడికి వలస వెళ్లిన తెలంగాణ నేత కుటుంబాలకు అవి కొత్త కాదు, సొంత ఊళ్లో తిన్న ఊచబియ్యమే.

గింజలో పాలు గట్టిపడే దశలో చక్కెర ఇంకా పూర్తిగా పిండిపదార్థంగా మారదు. ఆ తీపి అందుకే. కంకిని నిప్పుల్లో కాలిస్తే గింజలోని నీరు వేడెక్కి పిండి ఉబ్బి మెత్తబడుతుంది, పొట్టు వదులవుతుంది. ఆపైన అరచేతుల్లో నలిపితే చాలు.

రైతుకు గడువు కొద్ది రోజులే. ఆలస్యమైతే గింజ ముదిరి రొట్టెలకే పనికొస్తుంది. సూరత్ వారు దీన్ని నిమ్మ, మిరియాల రుచి గల సన్న కారప్పూసతో తింటారు. నాకైతే బెల్లం ముక్క చాలు. వేడిగా ఉండగానే తినండి, చల్లారినకొద్దీ పిండి మళ్లీ బిగుసుకుంటుంది.